రేపు రా!

తొంభైల్లో మా ఊళ్లో చాలా ఇళ్ల తలుపుల మీద బొగ్గుతోనో, సుద్దతోనో, ఎర్ర రంగుతోనో ఒకటే రాత కనిపించేది: ‘ఓ స్త్రీ రేపు రా’. రాత్రిపూట ఒక ఆడదయ్యం వీధుల్లో తిరుగుతోందనీ, తలుపు కొట్టి ఇంట్లోవాళ్లను పేరుపెట్టి పిలుస్తుందనీ, పలికారో ఇక అంతేననీ చెప్పుకునేవారు. అదృష్టవశాత్తూ దయ్యానికి చదువొచ్చు. తలుపు మీది రాత చదువుకుని, రేపు రమ్మన్నారు కదా అని వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది. మళ్లీ అదే రాత చదువుతుంది. తెలుగునాట చాలా ఊళ్లకు తెలిసిన ముచ్చటే ఇది. కన్నడిగులు ‘నాళె బా’ అని రాసుకున్నారు. నాకు మాత్రం ఒక సందేహం ఉండేది. రోజూ ఈ తద్దినమెందుకు, ‘రావద్దు’ అని రాస్తే పోలేదా? మా నాయనమ్మని అడిగాను. ‘రావద్దంటే దానికి కోపం రాదట్రా? రేపు రమ్మంటే మర్యాదగా ఉంటుంది’ అంది.

ఆ మాట ఈమధ్య ఫోన్ చూస్తుంటే గుర్తొచ్చింది. ఇంటికి సరుకులు తెప్పించే యాప్ ఒకటి తెరిచాను. సగం తెర కప్పేస్తూ గంట బొమ్మ లేచింది. నోటిఫికేషన్లు ఆన్ చేసుకోవాలట, లేకపోతే ఆఫర్లు పోతాయట. కింద రెండు బటన్లు. పచ్చగా, వెడల్పుగా ‘ఆన్ చేయి’. దాని కింద, నాలుగు ఉతుకులు పడ్డ చొక్కా రంగులో, ‘ఇప్పుడు కాదు’. మూడోది లేదు. అంటే నేను ఒప్పుకోవచ్చు, లేదా రేపు రమ్మనొచ్చు. రావద్దనడానికి మాత్రం వీల్లేదు.

ఆ రోజు పడుకునే లోపు ఇలాంటివి ఎన్ని వస్తాయో చూద్దామని కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. పదకొండు వచ్చాయి. బ్యాంకు యాప్ నాకు ముందుగానే మంజూరు చేసేసిన అప్పు గురించి అడిగింది. పాటల యాప్ మూడు నెలలు ఉచితమంది. ఇంకొకటి తనకు ఎన్ని చుక్కలిస్తానో చెప్పమంది. ‘తర్వాత గుర్తు చేయి’, ‘దాటవేయి’, ‘బహుశా తర్వాత’... పదకొండుసార్లూ నేను నొక్కింది ఏదో ఒక రూపంలో ‘రేపు రా’నే. ‘వద్దు’ అని నొక్కే అవకాశం ఒక్కసారీ రాలేదు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మేం రాసే పత్రికల వెబ్‌సైట్లు కూడా ఇదే పని చేస్తాయి. ఆ పదకొండులో ఒకటి మా బాపతే.

ఏది కాదు?

కాదనడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు ఇంగ్లీషులో లేవు. ‘కాఫీ లేదు’ అంటే డబ్బా ఖాళీ. ‘ఇది కాఫీ కాదు’ అంటే హాస్టల్ మెస్. ‘నాకు కాఫీ వద్దు’ అంటే నా ఇష్టం. ఉనికికి ఒక మాట, నిజానికి ఒక మాట, మనసుకి ఒక మాట. ఇంగ్లీషులో మూడింటికీ ఒక్క ‘నో’తో జరిగిపోతుంది. ఆ ‘నో’ తెలుగులోకి దిగేటప్పుడు యాప్ తర్జుమా చేసేవాళ్లు తరచుగా తప్పు మాట ఎంచుకుంటారు. ‘మీరు మీ స్థానాన్ని భాగస్వామ్యం చేయాలనుకుంటున్నారా?’ అని ప్రశ్న. ‘అవును’, ‘కాదు’ అని జవాబులు. కాదేమిటి? ఆ స్థానం నాది కాదనా, నేను నేను కాదనా? మా అమ్మ ఒకసారి ఇలాంటి తెర ముందు చాలాసేపు ఆలోచించి, ‘కాదంటే అబద్ధం చెప్పినట్టవుతుందేమోరా’ అని ‘అవును’ నొక్కేసింది. అడగాల్సిన మాట అడగకపోతే రావాల్సిన జవాబు రాదు. అక్కడ ‘వద్దు’ అని ఉంటే అమ్మ క్షణం కూడా తటపటాయించేది కాదు. కూరగాయల బండివాడికి రోజూ చెప్పే మాటే కదా.

అలాగని మనం వద్దంటే వదిలేసే జాతి అని బుకాయించను. పెళ్లి భోజనంలో విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేవాళ్లం. ‘ఇంకొక్క గారె’ అన్న మాటకు లొంగని వీరుణ్ని నేనింతవరకు చూడలేదు. కానీ ఆ కొసరి వడ్డించడంలో ఖర్చు వడ్డించేవాడిది. నాలుగు గారెలు ఎక్కువ తింటే నష్టపోయేది పెళ్లివారే. పైగా చెయ్యి కడుక్కున్నాక వ్యవహారం ముగుస్తుంది, మర్నాడు పొద్దున్నే గిన్నె పట్టుకుని ఎవరూ మన ఇంటికి రారు. ఫోన్లో కొసరే చెయ్యి మన జేబులో ఉంటుంది, తేడా అల్లా అదే. ‘కొసరు’ అన్న మాటే తిరగబడింది చూడండి. సంతలో కొసరంటే తూకమయ్యాక అమ్మేవాడు మనకు వేసే పిడికెడు. యాప్‌లో బిల్లయ్యాక ప్లాట్‌ఫాం ఫీజు, హ్యాండ్లింగ్ ఫీజు అంటూ మన దగ్గర వాళ్లు పుచ్చుకునేది కొసరు.

ఇలాంటి తెరలకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని 2010లో పేరు పెట్టింది హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్. వాటిలో ఒక రకాన్ని ఇంగ్లీషులో ‘కన్ఫర్మ్ షేమింగ్’ అంటారు. విమాన టికెట్టు కొంటూ బీమా వద్దనుకుంటే, ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అని మన చేతే నొక్కించడం లాంటిదన్నమాట. ఈ ఉదాహరణ నా సొంతం కాదు, భారత ప్రభుత్వం మార్గదర్శకాల్లో ఇచ్చిందే. ఇంగ్లీషువాళ్లు ఇంత కష్టపడి పేరు కనిపెట్టుకున్నారు గానీ, మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. మొహమాటపెట్టడం! వద్దనడం తప్పేమీ కాదు, అయినా వద్దన్నవాణ్ని కాస్త చిన్నబుచ్చితే సగం మంది వెనక్కి తగ్గుతారని చీరల కొట్టువాడికీ తెలుసు, తెర గీసేవాడికీ తెలుసు.

ఇంకా ఒప్పుకోనివాళ్లు

మా అక్క కొడుకు మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఈ తెరలే గీస్తాడు. మంచి కుర్రాడు. సెలవులకొస్తే వాళ్ల అమ్మమ్మ ఫోన్లో పనికిరానివన్నీ తీసేసి వెళ్తాడు. ‘ఇప్పుడు కాదు’ అన్న బటన్ ఎక్కణ్నించి పుట్టిందని వాణ్నే అడిగాను.

‘మామయ్యా, ఫోన్ అడిగే ప్రశ్న వేరు, యాప్ అడిగే ప్రశ్న వేరు. ఫోన్ అడిగినప్పుడు నువ్వు వద్దంటే అది లెక్కలోకొస్తుంది. ఐఫోన్లో అయితే ఒక్కసారే ఛాన్స్. ఆండ్రాయిడ్‌లో రెండోసారి కూడా వద్దన్నావంటే ఇక మమ్మల్ని అడగనివ్వదు.’

‘అందుకని?’

‘అందుకని ముందు మా సొంత బొమ్మ ఒకటి చూపించి నీ మనసు కనుక్కుంటాం. ఒప్పుకునేలా ఉంటేనే ఫోన్ ప్రశ్న దాకా తీసుకెళ్తాం. లేదంటే ‘ఇప్పుడు కాదు’ నొక్కించి పంపేస్తాం. మా ఛాన్స్ మాకు మిగిలే ఉంటుంది. నాలుగు రోజులాగి మళ్లీ అడుగుతాం.’

‘మరి వద్దన్నవాళ్ల సంగతేమిట్రా?’

‘మా డ్యాష్‌బోర్డులో వద్దన్నవాళ్లు అనే గడే లేదు మామయ్యా. ఒప్పుకున్నవాళ్లు, ఇంకా ఒప్పుకోనివాళ్లు. అంతే.’

ఈ పద్ధతి వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా యాప్ వేసుకునేటప్పుడే అన్ని అనుమతులూ గంపగుత్తగా ఇచ్చేయాలి, లేకపోతే యాప్ లేదు. టార్చిలైటు యాప్ కూడా మనమెక్కడున్నామో చెప్పమనేది, చీకటిని బట్టి వెలుతురిస్తుందేమో మరి. ఆ తర్వాత ఏ అనుమతికా అనుమతి విడిగా అడగడం మొదలైంది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 ‘రెండుసార్లు వద్దంటే శాశ్వతంగా వద్దన్నట్టే’ అనే నియమం పెట్టింది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకూ అనుమతి అడగాల్సి వచ్చింది. అంటే ఫోన్ తయారుచేసేవాళ్లు మన ‘వద్దు’కి కాస్త విలువ పెంచుతూ వచ్చారు. విలువ పెరిగేకొద్దీ ఆ మాట మన నోటివెంట రాకుండా చూసుకోవడం యాప్‌లకు పనైపోయింది. ‘ఇప్పుడు కాదు’ ఆ తెలివికి పుట్టిన బిడ్డ.

ఇందులో విలన్ కోసం వెతికితే దొరకడు. సగం మందికి ఒక తెర, సగం మందికి ఇంకో తెర చూపించి ఏది ఎక్కువ నొక్కించిందో చూస్తారు. ‘వద్దు’ అని పెద్దగా రాసిన తెర ఓడిపోతుంది, ఓడిన తెర చెత్తబుట్టలోకి పోతుంది. ‘జనాన్ని మోసం చేద్దాం’ అని ఏ గదిలోనూ ఎవరూ అని ఉండరు. గ్రాఫ్ పైకెళ్లిందనే అని ఉంటారు. నిజానికి నాకు దడ పుట్టించేది కూడా అదే. దుర్మార్గుడైతే ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడతాడు. గ్రాఫుకి ఆ బాధ లేదు.

డ్యాష్‌బోర్డులో ‘వద్దన్నవాళ్లు’ అనే గడి లేకపోవడానికి కారణం జనానికి అభ్యంతరం లేకపోవడమేనా అంటే, అది ఒకసారి పెద్ద ఎత్తున తేలిపోయింది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఐఫోన్లకు 14.5 వెర్షన్ ఇచ్చింది. ఏ యాప్ అయినా మిమ్మల్ని వేరే యాప్‌లలో, సైట్లలో కూడా వెంబడించాలంటే ముందు అడిగి తీరాలంది. ఒకే తెర, రెండు బటన్లు, రెండూ ఒకే పరిమాణంలో. జనం పెద్ద సంఖ్యలో వద్దన్నారు. ఆ దెబ్బకు 2022లో తమ ఆదాయానికి దాదాపు 1,000 కోట్ల డాలర్ల గండి పడొచ్చని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా స్వయంగా లెక్క చెప్పింది. అంతకు ముందు దాకా ‘మా వినియోగదారులు ఒప్పుకున్నారు’ అన్న మాట ఏ పునాది మీద నిలబడిందో ఆ అంకె చెబుతుంది. అయితే ఆపిల్ కూడా ఆ బటన్ మీద ‘వద్దు’ అని రాయలేదు. ‘ట్రాక్ చేయవద్దని యాప్‌ను అడుగు’ అని రాసింది. మన తిరస్కారం అక్కడా ఒక విన్నపమే.

ఇలియడ్ అనే బటన్

వెబ్‌సైటు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి వాడే కుకీని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి తయారుచేశాడు. ఆన్‌లైన్ దుకాణంలో బుట్టలో ఏం వేసుకున్నామో సైటుకు గుర్తుండాలి కదా, అందుకు. ఆ గుర్తు మన వెంటే సైటు నుంచి సైటుకు తిరగడం ఆ తర్వాతి కథ. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ చట్టం అమల్లోకొచ్చాక ప్రతి సైటూ తలుపు దగ్గరే నిలబడి అనుమతి అడగడం ఎక్కువైంది. ‘అన్నీ అంగీకరించు’ ఒక్క నొక్కు. వద్దనాలంటే ‘ఎంపికలు నిర్వహించండి’లోకి వెళ్లి, పట్టిక మొత్తం దిగి, ఒక్కో మీటా కిందికి దించి, చివర ‘సేవ్’ పట్టుకోవాలి. ఫ్రాన్సులో ఈ వ్యవహారాలు చూసే క్నిల్ అనే సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. నేరం ఏమిటయ్యా అంటే, ఒప్పుకోవడం ఎంత సులువో వద్దనడం అంత సులువుగా లేకపోవడం! ఆ ఏప్రిల్‌లోనే గూగుల్ యూరప్‌లో ‘అన్నీ తిరస్కరించు’ బటన్ పెట్టింది. ఒక బటన్ గీయడానికి మా మేనల్లుడికి పది నిమిషాలు పడుతుందట.

లోపలికి రానివ్వడం ఒక ఎత్తయితే బయటికి పంపడం ఇంకో ఎత్తు. మా పిన్ని సీరియళ్ల కోసం ఏదో యాప్‌లో ఏడు రోజుల ఉచిత ట్రయల్ తీసుకుంది. ఎనిమిదో రోజు యాప్ తీసేసింది, పీడా పోయిందనుకుంది. ఐదు నెలల తర్వాత పాస్‌బుక్ ప్రింటు వేయించుకుంటే నెలనెలా డబ్బు కోసుకుంటున్నట్టు తేలింది. ‘యాప్ తీసేశానుగా నాయనా, ఇంకా ఎలా పట్టుకెళ్తున్నాడు?’ అంది. యాప్ తీసేయడం వేరు, డబ్బుకిచ్చిన మాట వెనక్కి తీసుకోవడం వేరు. 2020లో వచ్చిన యూపీఐ ఆటోపేలో ఒకసారి పిన్ కొడితే అది మాండేట్, అంటే మన తరఫున బ్యాంకుకిచ్చిన ఆదేశం. ఫోన్లో యాప్ ఉన్నా లేకపోయినా అది బతికే ఉంటుంది. దాన్ని చంపాలంటే మనం రోజూ చెల్లింపులు చేసే యూపీఐ యాప్‌లోనే ‘ఆటోపే’ లేదా ‘మాండేట్స్’ అనే చోటికి వెళ్లి రద్దు చేయాలి. డబ్బు కోసే 24 గంటల ముందు కబురు పెట్టాలని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి నియమం పెట్టింది, పెడుతున్నారు కూడా. పిన్ని ఫోన్లో ఐదు కబుర్లూ ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో, చీరల ఆఫర్లకూ గ్యాస్ బుకింగులకూ మధ్య నలిగిపోయి ఉన్నాయి.

అమెరికాలో ఈ వ్యవహారం మరీ రసవత్తరంగా నడిచింది. అమెజాన్ ప్రైమ్ నుంచి బయటపడే దారి కావాలనే మెలికలు తిప్పారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో కోర్టుకెళ్లింది. ఆ దారికి కంపెనీ లోపల పెట్టుకున్న ముద్దుపేరు ‘ఇలియడ్’ అని ఫిర్యాదులో రాసింది. ఏళ్ల తరబడి తెగని ట్రోజన్ యుద్ధం గురించి హోమర్ రాసిన మహాకావ్యం. పేరు పెట్టినవాడెవడో సాహిత్యం చదువుకున్నవాడే. మనవాడైతే ‘విరాటపర్వం’ అని పెట్టేవాడేమో, అజ్ఞాతవాసం కలిసొచ్చేది. 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. అందులో 150 కోట్లు చందాదారులకు తిరిగివ్వడానికి.

ఫోన్ పుస్తకంలో ఉన్నవాళ్లు

ఇంతవరకు చెప్పినవి చికాకులు, చిల్లర నష్టాలు. ఒక నొక్కుకి ప్రాణాలు పోయిన కాలం కూడా మనకు తెలుసు.

2020 లాక్‌డౌన్ తర్వాత ఉద్యోగాలు పోయినవాళ్లు, జీతాలు సగమైనవాళ్లు ఐదు వేలకూ పది వేలకూ లోన్ యాప్‌లను ఆశ్రయించారు. జామీను అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. యాప్ తెరవగానే అడిగేది మాత్రం ఒకటి: ‘కాంటాక్ట్స్ చూడటానికి అనుమతించు’. నొక్కకపోతే ముందుకెళ్లదు. వారం తిరిగేసరికి వాయిదా కట్టలేదని ఫోన్లు మొదలవుతాయి. అప్పు తీసుకున్నవాడికి కాదు, అతని ఫోన్లో ఉన్న మేనత్తకి, ఆఫీసు బాసుకి, ఎప్పుడో ప్లంబింగ్ చేసిపోయిన మనిషికి. ఫొటో మార్ఫింగ్ చేసి వాట్సాప్‌లో పంపుతారు. ఆ డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ 2021 నవంబరులో నివేదిక ఇచ్చేనాటికి లెక్కకు దొరికిన లోన్ యాప్‌లు సుమారు 1,100. వాటిలో 600 దాకా చట్టవిరుద్ధమైనవి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లోని కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి పోకూడదంది. కెమెరా, లొకేషన్ లాంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి, అదీ స్పష్టంగా అడిగి వాడుకోవచ్చంది.

వీటి గురించి మాట్లాడేటప్పుడు ‘చదవకుండా ఎందుకు నొక్కారు’ అని అడిగేవాళ్లుంటారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు 2008లోనే లెక్కగట్టారు. అమెరికాలో ఒక మనిషి తాను చూసే సైట్ల ప్రైవసీ పాలసీలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటల పైనే కావాలి. అది స్మార్ట్‌ఫోన్లు ఊరూరా చేరకముందు, ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ల సంగతి. పిల్ల ఫీజు రేపటిలోగా కట్టాల్సినవాడు ఇంగ్లీషులో నలభై పేజీలు ఎక్కడ చదువుతాడు?

ఇంకో సంగతి నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. అప్పు తీసుకున్నవాడు చదివే నొక్కాడనుకుందాం, మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాడనుకుందాం. మేనత్తనెవరు అడిగారు? ప్లంబర్‌నెవరు అడిగారు? ఒకడి ఫోన్ పుస్తకంలో మూడు వందల మంది ఉంటారు. వాళ్ల మూడు వందల ‘వద్దు’లూ అతని ఒక్క వేలి కింద నలిగిపోయాయి. కొత్త యాప్ వేసుకుని ‘స్నేహితులను వెతుకు’ నొక్కినప్పుడల్లా మనమూ చేస్తున్నది అదే. డాక్టరు నంబరు, కూతురి టీచరు నంబరు, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి మనకిచ్చినవాళ్ల నంబరు, అన్నీ కలిపి అప్పజెప్పేస్తున్నాం. ఇది ఒక మనిషి అంగీకారంతో తీరే విషయం కాదు. చట్టాలు మాత్రం ఇప్పటికీ ఒక్క మనిషినీ ఒక్క బటన్‌నూ చూస్తున్నాయి.

ఆ చట్టాల సంగతికొస్తే, కాగితం మీద మనవేమీ తీసిపోయినవి కావు. డార్క్ ప్యాటర్న్స్ 13 రకాలని పేర్లతో సహా చెబుతూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలిచ్చింది. లేని తొందర సృష్టించడం, బుట్టలోకి తెలియకుండా సరుకు జారవిడవడం, వదలకుండా సతాయించడం, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరి తెరలు వాళ్లే మూడు నెలల్లో తనిఖీ చేసుకోండని 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. పరీక్ష రాసినవాణ్నే పేపరు దిద్దుకోమనడం నాకెందుకో మింగుడుపడలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా ముందుకెళ్లింది. అంగీకారం ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంది. అడిగే మాట ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలుండాలంది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ఈ భాగం అమలుకు 18 నెలల గడువుంది. తెలుగులో అడుగుతారు, సంతోషం. ఏ తెలుగులో అన్నదే నా బెంగ. ‘దత్తాంశ ప్రక్రియీకరణకు సమ్మతించుచున్నారా’ అని అడిగితే మా అమ్మ మళ్లీ ‘అవును’ నొక్కుతుంది, మర్యాదకి.

గ్రూపు లోంచి మెల్లగా

అన్నీ వెనక్కే పోతున్నాయనీ చెప్పలేం. వాట్సాప్‌లో 2019 ఏప్రిల్ దాకా మన నంబరున్న ప్రతివాడూ మనల్ని ఏ గ్రూపులోకైనా లాగి పడేసేవాడు. అపార్ట్‌మెంటు గ్రూపు, పదో తరగతి గ్రూపు, ఎప్పుడూ చూడని కార్పొరేటరు గారి అభిమానుల గ్రూపు. ఎవరు చేర్చవచ్చో మనమే చెప్పే సెట్టింగు ఆ నెలలో వచ్చింది. అయినా బయటికి రావడం గండమే. పేరుతో సహా ‘గ్రూపు నుంచి వైదొలిగారు’ అని ఊరంతటికీ దండోరా. మా ఇంటిపేరు గ్రూపు లోంచి నేనొకసారి బయటికొస్తే అరగంటలో బాబాయి ఫోన్ చేసి, ‘ఏరా, ఎవరేమన్నారు?’ అని అడిగాడు. పూటకో పది గుడ్ మార్నింగ్ పువ్వులు తట్టుకోలేకపోయానని చెప్పలేక, పొరపాటున వేలు తగిలిందన్నాను. మళ్లీ చేర్చాడు. 2022 ఆగస్టులో, ఎవరికీ తెలియకుండా, ఒక్క అడ్మిన్లకు మాత్రమే తెలిసేలా జారుకునే సౌకర్యం వచ్చింది. మొహమాటమున్న జాతికి ఇంతకన్నా ఉపకారం ఇంకోటి లేదు. నాకు మాత్రం పనికిరాలేదు, అడ్మిన్ మా బాబాయే.

అదే వాట్సాప్ 2021 జనవరిలో కొత్త ప్రైవసీ పాలసీ పెట్టి, ఫిబ్రవరి 8 లోపు ఒప్పుకోవాలంది. గోల రేగాక మే 15కి జరిపింది. అప్పటికి మన వాట్సాప్‌లో ఎవరున్నారో గుర్తుచేసుకోండి. కొవిడ్ వార్డులో బెడ్డు కోసం వెతికే గ్రూపు, ఆన్‌లైన్ క్లాసుల గ్రూపు, పాల ప్యాకెట్ల అతను. ఒప్పుకోకపోతే యాప్ వదిలేయమంటే ఊరొదిలి పొమ్మన్నట్టే. కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది, ఇష్టముంటే ఒప్పుకో లేకపోతే పో అనే ఆ పద్ధతిని తప్పుబడుతూ. వ్యవహారం అప్పీలుకెళ్లింది. ఇక ఇప్పుడు అదే యాప్‌లో మూలన నీలి చక్రం ఒకటి కూర్చుంది. మెటా ఏఐ. 2024లో మన దేశానికొచ్చింది. అక్కర్లేనివాళ్లు తీసేసుకునే బటన్ పెట్టలేదు. మా అమ్మ దాన్ని ‘ఆ గాజు’ అంటుంది. ‘ఆ గాజు తీసెయ్యరా’ అంది. కుదరదమ్మా అన్నాను. నమ్మలేదు, నాకే రాదనుకుంది.

మొన్న మా వీధి చివర సూపర్ మార్కెట్లో బిల్లు వరసలో నిలబడ్డాను. నా ముందు తెల్ల పంచెలో ఒక పెద్దాయన, చేతిలో కిలో కందిపప్పు, సబ్బులు.

‘ఫోన్ నంబర్ చెప్పండి సర్’ అంది కౌంటర్లో అమ్మాయి.

‘ఎందుకమ్మా?’

‘బిల్లింగుకి సర్.’

‘డబ్బులిస్తున్నాగా తల్లీ. నంబరెందుకు? వద్దులే.’

నంబరు ఇస్తేనే సరుకిస్తామని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర ప్రభుత్వం దుకాణాలకు చెప్పింది. ఆ సంగతి పెద్దాయనకు తెలిసినట్టు లేదు. ఆయనకు ఇవ్వాలనిపించలేదు, అంతే.

‘నంబర్ కొట్టకపోతే సిస్టం ముందుకెళ్లట్లేదు సర్’ అంది అమ్మాయి.

ఆయన కదల్లేదు. వెనకాల వరసలో ఎవరో ఉస్సురన్నారు. అమ్మాయి ఒకసారి సూపర్‌వైజర్ ఎటున్నాడో చూసుకుని, తొమ్మిది అంకె మీద పదిసార్లు టకటకా కొట్టింది. ప్రింటరు కిర్రుమంది. పెద్దాయన సంచీ పుచ్చుకుని వెళ్లిపోయాడు.

నా వంతు వచ్చాక, ‘ఆ నంబరు మీద పాయింట్లు కూడా పడతాయామ్మా?’ అని అడిగాను.

‘పడతాయి సర్’ అంది నవ్వాపుకుంటూ. ‘మా స్టోర్లో అందరికన్నా ఎక్కువ ఆయనవే.’